చెక్క ఎరలకు రంగు కంటే ముందు సీలరు

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చెక్కతో చేపల ఎరలను ఇంటి వద్దే చెక్కుకునే విధానం గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. గాలం వేసేవారు ల్యూర్ అని పిలుచుకునే ఈ కృత్రిమ ఎరలను కొనుక్కోకుండా తామే చేసుకోవాలనే ఉత్సాహం ఇటీవల మన యువకుల్లో కనిపిస్తున్నది. అటువంటివారికి తెలుగులో పనికివచ్చే నాలుగు మాటలు దొరకడం అరుదు కాబట్టి, ఆ వ్యాసం ప్రచురించినందుకు ముందుగా కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను. అయితే కత్తి పట్టే తీరు, కళ్ళు దిద్దే తీరు, పొలుసుల నమూనా కోసం వలగుడ్డ చుట్టి రంగు చిమ్మే తీరు ఎంతో ఓపికగా వివరించిన ఆ వ్యాసం, రంగుకు ముందు చెక్కలోకి నీరు దిగకుండా పట్టించవలసిన పూత, అంటే సీలరు దగ్గరికి వచ్చేసరికి, దుకాణంలో దొరికే ఏ వార్నిష్ అయినా రెండు కోట్లు వేస్తే చాలునన్న ఒక్క వాక్యంతో దాటిపోయింది. చేత్తో చేసిన చెక్క ఎర మూణ్ణాళ్ళ ముచ్చట అయ్యేది సాధారణంగా ఆ దశలో జరిగిన అశ్రద్ధ వల్లనే. అందుచేత ఉత్తరం కాస్త పెద్దదైనా, ఆ ఒక్క విషయం మీదనే వివరంగా వ్రాస్తున్నాను.

చెట్టు నుంచి కోసిన తరువాత కూడా చెక్క తన చుట్టూ ఉన్న తేమను తీసుకుంటూ, వదులుతూ ఉంటుంది. సుమారు 28 నుంచి 30 శాతం తేమ చేరేవరకు ఆ నీరు నార గోడల్లోకి ఎక్కి చెక్కను ఉబ్బిస్తుంది. ఆ పైన చేరే నీరు లోపలి ఖాళీల్లో నిలిచి బరువు పెంచుతుంది. ఈ ఉబ్బు అన్ని వైపులా ఒకే విధంగా ఉండదు. నార పొడవునా దాదాపు ఏమీ ఉండదు, అడ్డంగా మాత్రం ఉంటుంది, ఆ అడ్డంలోనూ చెక్కలోని వార్షిక వలయాల వెంబడి వచ్చే ఉబ్బు నడిబొడ్డు నుంచి బెరడు వైపుకు వచ్చే ఉబ్బుకు సుమారు రెండింతలు ఉంటుంది. చెక్క ఇలా ఒక పక్కకు ఎక్కువగా, మరొక పక్కకు తక్కువగా కదులుతుంటే దాని మీద ఉన్న గట్టి రంగు పొర ఆ కదలికకు సాగలేక వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. ఆ పగులులోంచి మరికొంత నీరు దిగుతుంది. అప్పటికి ఎర చూడడానికి బాగానే ఉంటుంది కానీ, దాని ఈత మారిపోయి ఉంటుంది. కడుపులో సీసం ముక్క ఎక్కడ పెట్టాలో, ఎంత బరువు పెట్టాలో లెక్క చూసుకొని నీటిలో తేల్చి సరిచేసుకున్న ఎర, రెండు గ్రాముల నీరు తాగితే ముక్కు దించుకొని ఒక పక్కకు ఒరుగుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇటువంటి ఎరకు సరిగ్గా సరిపోతుంది.

నీరు ఎక్కడి నుంచి దిగుతుందో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. వార్నిష్ రెండు కోట్లు వేసి, గాలపు ముళ్ళు తగిలించే వలయపు స్క్రూలు బిగించిన ఒక పాత ఎరను ఫౌంటెన్ పెన్ను సిరా కలిపిన నీటిలో రాత్రంతా ముంచి ఉంచి, మరునాడు తుడిచి ఆరబెట్టి, సన్నని రంపంతో అడ్డంగా నాలుగైదు ముక్కలుగా కోయాలి. మధ్య భాగంలో చెక్క తెల్లగానే ఉంటుంది. స్క్రూ దిగిన రంధ్రం చుట్టూ మాత్రం నీలిరంగు వేళ్ళూనినట్టు నార వెంట ముందుకూ వెనక్కూ పాకి కనిపిస్తుంది. ముక్కు దగ్గర, తోక దగ్గర నార తెగిన ముఖాల నుంచి అది ఇంకా లోతుకు వెళ్ళి ఉంటుంది. ఎర నీటిలోకి మునిగేలా మూతి కింద పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ రేకు అమర్చడానికి కోసిన గాడిలో అయితే గాడి పొడవునా నీలమే. చెక్క పక్కల నుంచి తాగే నీటి కంటే నార తెగిన ముఖాల నుంచి తాగే నీరు ఎన్నో రెట్లు ఎక్కువ. వ్యాసంలో చెప్పిన పద్ధతిలో ముందు రంగు, వార్నిష్ పూర్తిచేసి ఆఖరున రంధ్రాలు వేసి స్క్రూలు దించితే, ఈ ద్వారాలన్నీ తెరిచే ఉంటాయి. కాబట్టి రంధ్రాలు, గాడి, సీసం గుంట అన్నీ ముందే తయారుచేసుకొని, సీలరును వాటి లోపలికి కూడా పట్టించి, ఆ తరువాతనే రంగు జోలికి వెళ్ళాలి. ఏ సీలరు వాడినా ఈ వరుస మారకూడదు.

సీలరు కంటే ముందు చెక్క ఆరి ఉండాలి. కోస్తాలో వానాకాలపు గాలికి చెక్క 15 శాతం తేమ వరకు పట్టుకొని ఉంటుంది. తెలంగాణ జిల్లాల్లో నడివేసవిలో అదే చెక్క అందులో సగానికి దిగుతుంది. తేమ ఉన్న చెక్కను మూసేస్తే ఆ తేమ లోపలే ఉండిపోయి, ఎండలో ఎర వేడెక్కినప్పుడు ఆవిరై పూతను పొక్కులుగా లేపుతుంది. చెక్కిన దిమ్మలను గ్రాముల్లో చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద తూచి, బరువు వ్రాసి పెట్టుకొని, గాలి ఆడే ఎండలో ఉంచి, వరుసగా రెండు మూడు రోజులు బరువు మారకుండా ఉన్నప్పుడే పనికి తీసుకోవడం మంచిది.

ఇక ఏ సీలరు అన్నది. మన ప్రాంతంలో చెక్క మీద పూత అనగానే మొదట గుర్తుకు వచ్చేది లక్క. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మల గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అంకుడు కర్రను తరిణె (కర్రను గిర్రున తిప్పే యంత్రం) మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తరువాత మొగలి ఆకుతో రుద్ది నిగారింపు తెస్తారు. ఆ పనితనం పట్ల నాకు ఎనలేని గౌరవం ఉంది, అంకుడు కర్ర కూడా ఎరలకు చక్కగా పనికివస్తుంది. కానీ ఆ లక్క పూత బొమ్మకు సరిపోయినట్టు నీటిలో నానే ఎరకు సరిపోదు. తరిణె మీద పూసిన లక్క గుండ్రని పైభాగానికే పట్టుకుంటుంది, రంధ్రాలూ గాడీ ఆ తరువాత వేసేవి కాబట్టి అవి పచ్చిగానే మిగులుతాయి. పైగా లక్క గాలిలోని తేమను బాగానే ఆపుతుంది కానీ, గంటల తరబడి నీటిలో ఉంటే తెల్లబారి మెత్తబడుతుంది. స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దే ఫ్రెంచ్ పాలిష్‌ది కూడా ఇదే గుణం. మూసిన కారులో వేసవి ఎండకు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన లక్క ఎరలు ఒకదానికొకటి అతుక్కుపోవడం కూడా జరుగుతుంది. లక్కకు ఈ పనిలో ఒక చిన్న స్థానం ఉంది: ఒకదానితో ఒకటి పొసగని రెండు పూతల మధ్య పలుచని అడ్డుపొరగా అది బాగా పనిచేస్తుంది. అప్పుడు కూడా మైనం తీసేసిన లక్కనే వాడాలి, మైనం ఉన్న లక్క మీద పాలియురెథేన్ వార్నిష్ సరిగా పట్టదు.

కొండపల్లి బొమ్మల పద్ధతిలో చింతపిక్కల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో సందులు పూడ్చుకోవచ్చా అని ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. మక్కు నీటికి కరిగిపోతుంది, కాబట్టి ఎరకు పనికిరాదు.

వడ్రంగుల దగ్గర, రంగుల దుకాణాల్లో చవకగా దొరికేది నైట్రోసెల్యులోజ్ సాండింగ్ సీలరు. దాని తయారీలో జింక్ స్టియరేట్ అనే మెత్తని పొడి కలుపుతారు. గరుకు కాగితం సులువుగా ఆడడానికి, కాగితం ముద్దకట్టకుండా ఉండడానికి అది ఉపకరిస్తుంది. తలుపు చెక్క, బల్ల చెక్క మీద నునుపు తీసుకురావడానికే ఆ సరుకు తయారైంది. స్టియరేట్ వల్ల దాని పొర మెత్తగా, నీటికి బలహీనంగా ఉంటుంది, దాని మీద వేసే గట్టి పూత కూడా అంత బలంగా అంటుకోదు. వానాకాలంలో థిన్నరు ఎగిరిపోతూ చల్లబడిన పొర మీద గాలిలోని తేమ దిగి తెల్లబారడం ప్రతి పాలిష్ పనివాడికీ తెలిసినదే. ఇంటి సామానుకు దీన్ని వాడేవారిని నేను తప్పుపట్టను, నీటిలోకి దిగే వస్తువుకు మాత్రం దీన్ని సిఫారసు చేయవద్దని రంగుల దుకాణాల వారిని కోరుతున్నాను.

అదే సెల్యులోజ్ కుటుంబానికి చెందిన మరొక దారి ఉంది, దాని చరిత్ర ఆసక్తికరమైనది. 1936లో ఫిన్లాండ్‌లో లౌరి రపాలా అనే జాలరి బెండు చెక్కి చేసిన తన తొలి ఎరకు చాక్లెట్ల మీది తగరపు రేకు చుట్టి, నీరు దిగకుండా సెల్యులోజ్‌తో చేసిన ఆనాటి ఫొటో నెగెటివ్‌లను కరిగించి పూత పూశాడు. రపాలా అన్న పేరుతో ఈనాడు ప్రపంచమంతా అమ్ముడవుతున్న ఎరలకు అది మొదలు. పేద జాలరి ఇంట్లో అందుబాటులో ఉన్న వస్తువుల్లోంచి నీటికి నిలిచే పూతను వెతుక్కున్న ఆ బుద్ధికుశలత గురించి చదివినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. జపానులో బాల్సా చెక్కతో చేతిపని ఎరలు చేసేవారు నేటికీ సెల్యులోజ్ సిమెంట్ అనే ద్రావకంలో ఎరను ముంచడం, ఆరబెట్టడం, మళ్ళీ ముంచడం అనే పద్ధతినే పాటిస్తారు. ఒక్కొక్క ముంపుతో పొర కొద్దికొద్దిగా మందమై, మెత్తని బాల్సాకు గట్టి చిప్ప ఏర్పడుతుంది. అమెరికాలో కొందరు సెల్యులోజ్ ప్రొపియొనేట్ గుళికలను ఎసిటోన్‌లో కరిగించి అదే పని చేస్తారు. కలిపే పాళ్ళ గొడవ లేకపోవడం, డబ్బాలో మిగిలినది మళ్ళీ వాడుకోగలగడం దీని సుగుణాలు. అయితే ఎసిటోన్ ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకి దూరంలో ఉన్న స్టవ్వు నుంచో దీపం నుంచో అంటుకుంటుంది, కాబట్టి ఇంటి లోపల ఈ పని చేయకూడదు. మరొక సంగతి: ఎసిటోన్ తగిలితే పాలికార్బొనేట్ పొగచూరి పగుళ్ళిస్తుంది, అందుచేత మూతి రేకును ముంపులన్నీ అయ్యాకనే అమర్చాలి.

నూనె పద్ధతి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే దానిలో మంచీ ఉంది, ప్రమాదమూ ఉంది. అమెరికా తూర్పు తీరంలో సముద్రపు ఒడ్డున నిలబడి స్ట్రైప్డ్ బాస్ చేపకు గాలం వేసేవారు తమ బరువైన చెక్క ఎరలను ఉడికించిన అవిసె నూనెలో టర్పెంటైన్ కలిపి, అందులో బుడగలు రావడం ఆగేవరకు నానబెడతారు. నూనె లోపలికి ఇంకి అక్కడే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. పైన రంగు ఎక్కడైనా పళ్ళకు పెచ్చు ఊడినా, కింద ఉన్న చెక్క నూనె తాగి ఉండడం వల్ల నీటిని చప్పున పీల్చుకోదు. పైపూత మీదనే ఆధారపడే పద్ధతులు వేటికీ లేని గుణమిది. కానీ నూనె బరువు పెంచుతుంది. టేకు, వేప వంటి గట్టి చెక్కకు ఆ బరువు లెక్కలోకి రాదు, పొణికి, బాల్సా వంటి తేలిక చెక్క మాత్రం అంత నూనె తాగి తేలే గుణాన్నే పోగొట్టుకుంటుంది. పైగా నూనె పూర్తిగా గట్టిపడడానికి రోజులు కాదు, వారాలు పడుతుంది, మన వానాకాలంలో ఇంకా ఎక్కువ. లోపల పచ్చిగా ఉండగానే రంగు వేస్తే రంగు ముడతలు పడి ఊడివస్తుంది. వంట కోసం గానుగ నుంచి తెచ్చుకునే పచ్చి అవిసె నూనె మరీ ఆలస్యంగా ఆరుతుంది; రంగుల దుకాణంలో దొరికే ఉడికించిన రకంలో ఆరుదలను తొందరపెట్టే లోహ లవణాలు కలిపి ఉంటాయి.

ఇక ప్రమాదం సంగతి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోయే దారి లేక పెరిగి పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. ఇది అతిశయోక్తి కాదు, వడ్రంగి పనిశాలలు ఇలా తగలబడడం లోకంలో అందరికీ తెలిసిన సంగతే. గుడ్డలను ఆరుబయట తీగ మీద విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళు నిండిన మూత డబ్బాలో వేయాలి. మీ వ్యాసంలో నూనె ప్రస్తావన ఒక చోట ఉంది కానీ ఈ హెచ్చరిక లేదు.

మన తీరంలో పడవల సందులకు గుగ్గిలాన్ని నూనెలో కాచి వాడడం, పడవ అడుగుకు జీడిపిక్కల తొక్క నుంచి తీసిన నూనె పూయడం పాతకాలం నుంచి ఉన్నవే. పలాస వైపు జీడి పరిశ్రమ ఉన్నందున ఆ నూనె దొరుకుతుంది కదా, దానినే ఎరలకు వాడితే ఏమని కొందరు అంటున్నారు. నీటిని ఆపడంలో అది నిజంగానే గట్టిది. అయితే అందులోని ఘాటు పదార్థాలు చర్మానికి తగిలితే పుండ్లు పడతాయి, పూత నల్లగా ఆరి పైన వేసే లేత రంగులన్నిటినీ మింగేస్తుంది. పడవ అడుగుకు నలుపైనా ఇబ్బంది లేదు, చేప కంటికి మెరవవలసిన ఎరకు ఉంది. పిల్లలు కూడా చేతిలోకి తీసుకునే వస్తువు కనుక నేను వద్దనే అంటాను.

ఇంటి దగ్గర చిన్న పనిముట్లతో చేసుకునేవారికి, అన్నీ ఆలోచించిన మీదట, నా సిఫారసు రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపే ఎపాక్సీకే. అయితే ఎపాక్సీలన్నీ ఒకటి కావు. అయిదు నిమిషాల్లో గట్టిపడే రకం విరిగిన కుర్చీ కాలు అతికించడానికి మంచిదే కానీ, నీటిలో నానడానికి బలహీనం, త్వరగా పసుపు తిరుగుతుంది, చెక్కలోకి ఇంకకముందే బిగుసుకుంటుంది. అరగంటకు పైగా పలుచగా ఉండే నిదానపు రకమే కావాలి. చిక్కగా ఉంటే పలుచన చేయడానికి చాలామంది స్పిరిట్ గానీ ఎసిటోన్ గానీ కలుపుతారు. అందులో కొంత ద్రావకం లోపలే చిక్కుకుపోయి పొర మెత్తగా మిగులుతుంది, నీటిని ఆపే శక్తి తగ్గుతుంది. దానికి బదులు రెజిన్ సీసాను కాసేపు గోరువెచ్చని నీళ్ళలో నిలబెడితే అదే పలుచనవుతుంది. వేడి పెరిగిన కొద్దీ గట్టిపడే వేగం కూడా పెరుగుతుంది, సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు అనుకోవచ్చు, కాబట్టి మే నెల మధ్యాహ్నం ఎక్కువ మోతాదు కలుపుకోకూడదు. కలిపినదాన్ని లోతైన గిన్నెలో ఉంచితే తన వేడికి తానే ముందుగా బిగుస్తుంది, వెడల్పాటి పళ్ళెంలో పలుచగా పరిస్తే ఎక్కువసేపు పనికివస్తుంది. పాళ్ళు మాత్రం తయారీదారు చెప్పినట్టే ఉండాలి. గట్టిదనం కోసం హార్డెనర్ రెండు చుక్కలు ఎక్కువ వేయడం వల్ల పొర గట్టిపడదు సరికదా, జిగురుగా మిగులుతుంది.

ఎపాక్సీ పూసిన గంటకు ఎర నిండా చిన్న చిన్న బుడగలు లేచాయని దిగులుపడేవారు చాలామంది. పొద్దున్న చల్లని చెక్కకు పూసి ఎండలో ఆరబెడితే చెక్క లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి, పూతలోంచి బయటికి నెట్టుకొస్తుంది. దీనికి మందు సులువు. దిమ్మను ముందు ఎండలో వెచ్చబెట్టి, నీడలోకి తెచ్చి, అది చల్లబడుతున్న సమయంలో, అంటే సాయంత్రం పూట, పూత పట్టించాలి. అప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతూ ఎపాక్సీని నారలోకి లాక్కుంటుంది. నార తెగిన చివరలకు మొదటి పూత పడగానే అవి తాగేసి మళ్ళీ పొడిగా కనిపిస్తాయి, తాగడం ఆగేవరకు మళ్ళీ మళ్ళీ ఇవ్వాలి. రంధ్రాల్లోకి అగ్గిపుల్లతోనో, సూది తీసేసిన సిరంజితోనో ఎక్కించి, స్క్రూను తడి ఎపాక్సీలోనే దించి బిగించాలి. రెండవ పూత నుంచి ఎరను నెమ్మదిగా తిప్పుతూ ఆరబెడితే కిందికి కారి చుక్క కట్టదు. పాత మైక్రోవేవ్ పొయ్యిలో పళ్ళెం తిప్పే మోటారు నిమిషానికి అయిదారు చుట్లే తిరుగుతుంది కాబట్టి దీనికి అమరినట్టు ఉంటుంది, దాని కరెంటు తీగల పని మాత్రం తెలిసినవారి చేత చేయించుకోవాలి.

వానాకాలంలో మరొక ఇబ్బంది ఉంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు గట్టిపడిన ఎపాక్సీ మీద మైనం పూసినట్టు జిడ్డు పొర తేలుతుంది. దాని మీద రంగు నిలవదు. థిన్నరుతో తుడిస్తే అది పోదు, మామూలు నీళ్ళు పోసి గిన్నెలు తోమే పీచుతో రుద్దితే పోతుంది. ఆ తరువాతనే 400 నంబరు గరుకు కాగితంతో మెరుపు చచ్చేలా గీకి, రంగు మొదలుపెట్టాలి. టేకు వంటి నూనె గల చెక్కనైతే ఎపాక్సీకి ముందే ఎసిటోన్ అద్దిన గుడ్డతో తుడవాలి. చేతికి నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. గట్టిపడని ఎపాక్సీ పదేపదే చర్మానికి తగిలినవారిలో కొందరికి జీవితాంతం వదలని ఎలర్జీ పట్టుకుంటుంది, అంటిన చోట థిన్నరుతో తుడుచుకోవడం దాన్ని ఇంకా లోపలికి పంపడమే అవుతుంది.

పలుచని సూపర్ గ్లూను బాల్సాలోకి ఇంకించడం కూడా కొందరు చేస్తున్నారు. చెక్క నిమిషాల్లో రాయి అవుతుంది, నిజమే. ఆ పొగ కళ్ళకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు, నూలు గుడ్డ మీద ఒలికితే చేయి కాలేంత వేడి పుడుతుంది. రంధ్రాల చివర్లకు, పగుళ్ళకు రెండు చుక్కలుగా వాడుకుంటే సరిపోతుంది.

రంగు మీద వేసే ఆఖరి పూత గురించి ఎక్కువ చెప్పను, అది వేరే విషయం. ఎపాక్సీ ఎండకు పసుపు తిరుగుతుంది కనుక, ఎండను తట్టుకునే పాలియురెథేన్ పైన ఉండడం మంచిదని మాత్రం చెబుతాను. కార్లకు వేసే రెండు భాగాల పీయూ (పాలియురెథేన్) పూతలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటిని ఇంట్లో స్ప్రే గన్‌తో చిమ్మడం ఉబ్బసానికి దారితీస్తుంది. ముక్కుకు రుమాలు కట్టుకోవడం దానికి రక్షణ కాదు. తయారైన ఎరలను మెత్తని ప్లాస్టిక్ పురుగుల ఎరలతో ఒకే పెట్టెలో పెట్టినా, ఆ మెత్తదనం కోసం కలిపిన నూనెలు చాలా రకాల రంగుల్ని, వార్నిష్‌ల్ని కరిగించి బంక చేస్తాయి.

ఎపాక్సీకి ఉన్న లోపాన్ని దాచడం న్యాయం కాదు. అది చెక్కలో లోతుగా ఇంకేది తక్కువ, ప్రధానంగా చుట్టూ కట్టే చిప్ప. కొరమీను పళ్ళో, రాతి అంచో ఆ చిప్పకు సన్నని తూటు పెడితే, లోపలికి వెళ్ళిన నీటికి బయటికి రావడానికి దారి ఉండదు, చెక్క లోలోపల కుళ్ళుతుంది. అందుచేత ప్రతి వేటకు తరువాత ఎరను మంచినీటితో కడిగి, ఎండకు అడ్డంగా పట్టి చూసి, తూటు కనబడితే వారం పాటు ఆరబెట్టి మళ్ళీ పూత వేయాలి. ఉప్పుటేర్లలో పండుగప్పకు, రాళ్ళ దరిని పార చేపకు వేసే బరువైన గట్టిచెక్క ఎరలు బాగా దెబ్బలు తింటాయి కాబట్టి, ఓపిక ఉన్నవారు వాటికి నూనె పద్ధతిని ఎంచుకుంటే నేను కాదనను. చెరువుల్లో కొరమీనుకు నీటిమట్టం మీద ఆడించే తేలిక పొణికి ఎరలకు, అంకుడుతో చేసిన సన్నని ఎరలకు మాత్రం ఎపాక్సీకి మించినది మన అందుబాటులో లేదని నా అభిప్రాయం. తెలంగాణ రాష్ట్ర చేపగా గుర్తింపు పొందిన కొరమీను కరిస్తే పడే పళ్ళగాట్లను చూసినవారికి మెత్తని వార్నిష్ ఎందుకు చాలదో వేరే చెప్పనక్కరలేదు.

ఏ పూతనైనా నా మాట మీద నమ్మవలసిన అవసరం లేదు. ఒకే కర్ర నుంచి ఒకే కొలతకు కోసిన ముక్కలు తీసుకొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సీలరు పట్టించి, అన్నిటికీ స్క్రూలు దించి, తూచి, బరువు వ్రాసుకొని, ఉప్పునీటి బకెట్టులో రాయి కట్టి ముంచి, మరునాడు తుడిచి మళ్ళీ తూస్తే ఏది ఎంత తాగిందో తూకమే చెబుతుంది. ఒక ముక్కను పూత లేకుండా ఉంచితే పోల్చుకోవడానికి వీలుంటుంది. సముద్రతీరంలోని, చెరువుల ప్రాంతాల్లోని పాఠశాలల సైన్సు ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని పిల్లల చేత చేయిస్తే ఎంతో బాగుంటుంది, ఖర్చు కూడా చాలా తక్కువ.

ఏటికొప్పాక వంటి చోట్ల తరిణె పనివారికి ఎరల దిమ్మలు తీసిపెట్టమని ఆర్డర్లు ఇచ్చే వ్యాపారులకు ఒక విన్నపం. దిమ్మలను లక్క పూయకుండా ఉత్త కర్రగానే తీసుకొని, రంధ్రాలు, గాడులు వేసి, సీలరు పట్టించే బాధ్యత మీరే తీసుకోండి. లక్క పూసిన దిమ్మ మీద తరువాత ఏ పూత వేసినా పట్టు అనుమానమే, అది పెచ్చులూడితే చెడ్డపేరు వచ్చేది తరిణె పట్టిన చేతికి.

సంపాదకుడు గారికి కూడా ఒక మనవి. ఇటువంటి చేతిపని వ్యాసాలు మీరు ఇంకా ప్రచురించాలి. అయితే నూనె గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయన్న సంగతి, ఎసిటోన్ దగ్గర నిప్పు ఉండరాదన్న సంగతి, పీయూ పూతను ఇంట్లో చిమ్మరాదన్న సంగతి, ఈ మూడింటిని ఈ ఉత్తరం మొత్తానికి చోటు లేకపోయినా వచ్చే ఆదివారం సంచికలో అదే పేజీలో వేయవలసిందిగా కోరుతున్నాను. ఆ వ్యాసం చదివి ఈపాటికే పని మొదలుపెట్టినవారు ఉండి ఉంటారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు,
భీమునిపట్నం.